పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పద్దెనిమిది రాత్రులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆటల గురించీ, రాత్రుల గురించీ ఉన్నాయి. గంగమ్మ జాతర దగ్గర పడింది, పల్లెల్లో భారతాలు మొదలయ్యాయి. అందుకే అందరి మనసూ అటు పోయినట్టుంది. ఆస్తి తగాదాల గురించి, పిల్లల చదువుల గురించి రాసినవాళ్ళు ఒక నెల ఓపిక పట్టండి. ఈసారి ఇవే తీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మేం ఆరుగురం స్నేహితులం కలిసి నెలకో శనివారం రాత్రి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక చిన్న కేఫ్ మేడ మీద కథలు చెప్పడం, సొంత పాటలు పాడడం, స్టాండప్ కామెడీ చేయడం మొదలుపెట్టాం. యాభై మంది దాకా వస్తున్నారు. ఇంట్లో మాత్రం ఒకటే గొడవ. "దేవుడి ఊళ్ళో ఈ రాత్రి తిరుగుళ్ళు ఏంది? ఇదంతా బెంగుళూరు అలవాటు" అంటున్నారు. మన ఊళ్ళకు రాత్రి ఆటలు అలవాటేనా? అలవాటైతే వాళ్ళకు చెప్పడానికి నాలుగు మాటలు ఇవ్వండి.
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నాయనా, నాలుగు మాటలు కాదు, పద్దెనిమిది రాత్రులు ఇస్తాను.

మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. ఊరి చివర మిట్ట మీద ధర్మరాజుల గుడి. కోతలు అయిపోయి కయ్యలు ఖాళీ పడ్డాక, గుడి ముందర పందిరి వేసి భారతం పెట్టేవాళ్ళు. మధ్యాహ్నం భాగవతారు వచ్చి హరికథ చెప్తాడు. ఆయన చెప్పిన ఘట్టాన్నే రాత్రికి వీధి నాటకంగా ఆడతారు. మధ్యాహ్నం చెవితో విన్న బకాసురుడు రాత్రికి మన ముందర కూర్చుని అన్నం తింటుంటాడు. పద్దెనిమిది రోజులూ ఇదే వరస.

మా నాయన ద్రౌపది వేషం కట్టేవాడు. పగలు చెరుకు తోటకు నీళ్ళు కట్టి, పొద్దు గూకాక బావి దగ్గర నీళ్ళు పోసుకుని, అద్దం ముందర కూర్చుని ముఖానికి అర్దళం పూసుకునేవాడు. ఆ పూత మొదలైనప్పటి నుంచి మేం ఆయన్ను "నాయనా" అని పిలవకూడదు. అది మా అమ్మ పెట్టిన కట్టుబాటు. ఆయన కట్టుకునే చీర కూడా మా అమ్మదే, ఆమె పెళ్ళినాటి ఎర్ర చీర. భారతం పద్దెనిమిది రోజులూ మా అమ్మ ఆ చీరను వేరే చీరలతో కలిపి ఉతికేది కాదు.

రాత్రి పది దాటితే గానీ గజ్జెల చప్పుడు వినపడదు. ఇద్దరు మనుషులు ఒక గుడ్డను తెరగా పట్టుకుంటారు. దాని వెనక వేషం నిలబడి తన పేరు, వంశం, గొప్పతనం పాడుకుంటుంది. మద్దెల, తాళాలు, ముఖవీణ, హార్మోనియం అందుకుంటాయి. తెర తొలగగానే పెట్రోమాక్స్ వెలుగు కిరీటం మీది అద్దం ముక్కలకు తగిలి మా కళ్ళల్లో పడేది. దానికోసం మేం పిల్లలం నిద్ర ఆపుకుని, ఒకరినొకరం గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళు చాపలు, దుప్పట్లు తెచ్చుకునేవాళ్ళు. పందిరి పక్కన బోండాలు, మురుకులు, బొరుగులు అమ్మేవాళ్ళు. పొరుగూళ్ళ చుట్టాలు ఎద్దుల బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. సంబంధాలు కుదిరిందీ, పాత తగాదాలు తీరిందీ ఆ రాత్రుల్లోనే. మీరు ఈనాడు నైట్‌లైఫ్ అంటున్నది మా ఊళ్ళో ఆ పందిరి కింద ఉండేది.

ఈ ఆట మన వైపు ఇంత బలంగా నిలబడడానికి కారణం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో ఉత్తర ఆర్కాటు తాలూకాలు కలిశాయి. ఆర్కాటు వైపు తమిళ పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళు, తెరుక్కూత్తు అనే వీధి నాటకం ఉన్నాయి. పాలన కోసం గీత గీసినా ఆటగాళ్ళు ఇటూ అటూ నడుస్తూనే ఉన్నారు. తెలుగులో పద్యం ఎత్తుకుని, తమిళంలో పాట ముగించగలిగిన మనిషి మా నాయన మేళంలోనే ఉండేవాడు.

ఇక నీకు పనికొచ్చే మాట. భారతంలో ఊరికి చూడడం ఒక్కటే పని కాదు. బకాసుర వధ నాడు బండి వీధి వీధీ తిరుగుతుంది. ప్రతి ఇల్లూ అన్నమో, వడలో, అరటిపళ్ళో అందులో పెట్టాలి. పిల్లలు బండి వెనక పరిగెత్తాలి. అర్జున తపస్సు నాడు గుడి ముందర నిలువెత్తు తపసు మాను నాటుతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకో పద్యం పాడుతూ పైకెక్కుతాడు. అది ఎక్కడానికే గంటలు పడుతుంది. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో సాష్టాంగం పడుకుని ఉంటారు. వరపడడం అంటారు దాన్ని. పైనుంచి అర్జునుడు నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. దుర్యోధన వధ నాడు గుడి ముందర నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడిని పడుకోబెడతారు. తొడలో ఎర్రనీళ్ళు పెడతారు. భీముడు గదతో కొట్టగానే ఆ ఎర్రనీళ్ళు చిందుతాయి, అప్పుడే ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. జనం ఆ మట్టిని పిడికెడు తీసుకుని ఇంటికి పోతారు. సాయంత్రానికి అగ్నిగుండం. నిప్పులు తొక్కేవాళ్ళు వేషగాళ్ళు కారు, కంకణం కట్టుకున్న ఊరివాళ్ళే.

పోయిన నెల మా మనవరాలు నన్ను మీలాంటివాళ్ళు పెట్టిన ఒక రాత్రి కార్యక్రమానికి తీసుకుపోయింది. మీదే కావచ్చు, మరొకరిది కావచ్చు. ఇద్దరు కుర్రాళ్ళు టీవీలో చూసిన హిందీ కామెడీని తెలుగులో అప్పజెప్పారు. అది నాకు రుచించలేదు. తర్వాత ఒక అబ్బాయి లేచి వాళ్ళ అవ్వ కథ చెప్పాడు. పుంగనూరు వైపు మాట. బావిలో పడిన మేకపిల్లను ఆమె ఎట్లా తీసిందో, అచ్చం ఆమె యాసలో చెప్పాడు. యాభై మంది ఊపిరి బిగబట్టారు. నాకు మా నాయన గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నాను. ఆ పిల్లవాడు ఎవరో గానీ వాడికి నా ఆశీస్సులు చెప్పండి.

నాకు లోటుగా అనిపించింది ఒకటే. వచ్చినవాళ్ళకు కాఫీ తాగడం, ఫోన్ ఎత్తి పట్టుకోవడం తప్ప పని లేదు. వాళ్ళకు పని పెట్టండి. వచ్చే నెల ప్రతి ఒక్కరినీ వాళ్ళ ఊరి నుంచి ఒక సామెతో, పొడుపుకథో, లాలిపాటో తెమ్మనండి. ఒక రాత్రి మేడ దిగి, అనుమతి తీసుకుని ఏదైనా పల్లె గుడి ముందర చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ముందు వరసలో చాప వేసి కూర్చోబెట్టండి. వాళ్ళల్లో ఎవరో ఒకరు చిన్నప్పుడు తపసు మాను కింద నిమ్మకాయ ఏరుకున్నవాళ్ళే అయ్యుంటారు. ఆ సంగతి వాళ్ళ నోటితోనే చెప్పించండి.

ప్రశ్న: చిత్తూరు నాగయ్య గారు చిత్తూరులో పుట్టారని నేను, కాదని మా బావ. మా ఇద్దరికీ తీర్పు చెప్పండి.
— ఒక విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

జవాబు: మీ బావగారిదే సరి. ఆయన 1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. కానీ మీరూ నొచ్చుకోవలసిన పని లేదు, ఎందుకంటే ఆయన్ను నటుడిగా కన్నది మీ ఊరే. చిత్తూరు రామవిలాస సభలో చేరి, సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం కట్టారు. ఆడవేషం అన్నమాట. చక్కని గొంతు, చక్కని రూపం. ఊరు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది, ఆయన ఊరి పేరును తన పేరు ముందు పెట్టుకున్నారు. 1938లో సినిమాల్లోకి వెళ్ళారు, 1946లో త్యాగరాజు మీద తీసిన చిత్రంలో ఆయనే నటించి దర్శకత్వం కూడా చేశారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. 1973లో కన్నుమూసేదాకా ఆ చిత్తూరు పేరు ఆయన్ను విడిచిపెట్టలేదు. మీ ఊళ్ళోని నాగయ్య కళాక్షేత్రం ఆయన పేరిట కట్టిందే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కాలంలో చిత్తూరులో రెండు రకాల నాటకం పక్కపక్కనే ఉండేది. పల్లెల్లో గుడి ముందర మా నాయన లాంటివాళ్ళు ఆడే భారతం ఒకటి. పట్టణంలో తెరలు, హార్మోనియం, టికెట్లతో నడిచే సభ నాటకం రెండోది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదిని సభ నడిపిన రోజుల నుంచి రాయలసీమ పట్టణాల్లో ఇట్లాంటి సభల మీద మోజు పెరిగింది. వకీళ్ళు, గుమాస్తాలు, బడి పంతుళ్ళు పగలు ఉద్యోగం చేసి రాత్రికి ముఖానికి రంగు పూసుకునేవాళ్ళు. మా నాయన సభ నాటకం చూడడానికి చిత్తూరుకు నడిచిపోయి, తెల్లవారి నడిచి వచ్చేవాడట. వచ్చి ఆ రాగాలను భారతంలో కలిపేవాడు. మేళంలో ముసలివాళ్ళు కోప్పడేవాళ్ళు. జనం మాత్రం "ఒన్స్‌మోర్" అని అరిచేవాళ్ళు. కొత్తదాన్ని పాతదాంట్లో కలపడం మీ పిల్లలతో మొదలైంది కాదు.

ప్రశ్న: తిరుపతి వేంకట కవులు మన తిరుపతివాళ్ళేనా?
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, రేణిగుంట

జవాబు: కాదు తల్లీ. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు కలిసి జంటగా రాశారు. ఇద్దరి పేర్లు కలిపితే అట్లా అయింది. వాళ్ళు గోదావరి వైపు వాళ్ళు. కానీ వాళ్ళ పాండవ నాటకాల పద్యాలు మన పల్లెల్లో గొడ్లు కాసేవాళ్ళ నోట కూడా విన్నాను. "చెల్లియో చెల్లకో" పద్యం మీ తాతను అడుగు, తప్పకుండా వచ్చి ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి పదిహేడేళ్ళు. ఈసారి గంగమ్మ జాతరకు చీర కట్టి వేషం వేస్తానంటున్నాడు. మాకు మొక్కు ఏమీ లేదు. ఈమధ్య వచ్చిన సినిమా చూసి, ఫోన్‌లో వీడియో పెట్టడానికే అని నా అనుమానం. మా ఆయనేమో "మగపిల్లోడికి ఆడవేషం ఏంది" అని అన్నం తినకుండా కూర్చున్నాడు. మేం కడప నుంచి వచ్చి నాలుగేళ్ళే అయింది. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు వేరే ఊరి నుంచి వచ్చారు కాబట్టి ముందు కథ చెప్తాను. రాత్రి అన్నం దగ్గర మీ ఆయనకు మీరు చెప్పండి.

గంగమ్మ అవిలాలలో దొరికిన బిడ్డ. కైకాల కులం వాళ్ళు పెంచారు. ఆ కాలంలో ఒక పాలెగాడు కనపడిన ఆడపిల్లనల్లా చెరపట్టేవాడు. గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోతే ఆమె తన అసలు రూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాడిని బయటికి లాగడానికి ఆమె రోజుకో వేషం వేసుకుని ఊరంతా తిరిగింది. బైరాగి అయింది, బండ అయింది, తోటి అయింది. వాడు రాలేదు. చివరికి దొర వేషంలో వచ్చింది. దొర వచ్చాడు గదా, పోయి దండం పెట్టాలి అని వాడు బయటికొచ్చాడు. అక్కడే తల తెంచింది. మరునాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది. ఈ కథలో నాకు ఎప్పుడూ గుండె తడి చేసేది ఆ చివరి ముక్క. చంపింది ఆమే, ఏడ్చే ఆడదాని దగ్గరికి పోయిందీ ఆమే.

ఆమె మగవేషం వేసింది కాబట్టి మన మగవాళ్ళు ఆమె కోసం ఆడవేషం వేస్తారు. ఇందులో తలదించుకోవలసింది ఏముంది? తాతయ్యగుంట గుడి దగ్గర జాతర మంగళవారం నాడు నిలబడి చూడండి. మీసం తీయకుండానే చీర కట్టి, జడ వేసి, మల్లెపూలు పెట్టుకున్న ఆటో డ్రైవర్లు కనిపిస్తారు. బ్యాంకు ఉద్యోగులు కనిపిస్తారు. మూడేళ్ళ కొడుకుకు గాజులు తొడిగి భుజం మీద ఎక్కించుకున్న తండ్రులు కనిపిస్తారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు. ఇంత పెద్ద రంగస్థలం ఇంకో ఊరికి ఉందని నేను అనుకోను. టికెట్ లేదు, తెర లేదు, ఊళ్ళో సగం మంది వేషంలో ఉంటారు.

అబ్బాయి ఫోన్ కోసమే వేస్తున్నాడేమో అన్నారు. కావచ్చు. పదిహేడేళ్ళవాడికి మొదటి కారణం ఏదైనా కావచ్చు. మీరు చేయవలసింది వాడిని వరసలో నడిపించడం. జాతరకు వారం ముందు మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. ఆ తర్వాత ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని పెద్దల మాట. ఆ రాత్రి వాడిని తీసుకుపోయి పలకల చప్పుడు వినిపించండి. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. బైరాగికి ఒంటి నిండా తెల్ల నాము, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. ఒక్కో రోజుకు ఒక్కో రంగు ఎందుకో వాడినే ఎవరైనా ముసలివాళ్ళను అడిగి తెలుసుకోమనండి. చివరి రోజు చీర మీ చేత్తో కట్టండి. కుచ్చిళ్ళు ఎట్లా పోయాలో నేర్పండి. గుడి దాకా ఫోన్ మీ సంచిలో ఉండనివ్వండి, దర్శనం అయ్యాక ఇచ్చేయండి. అప్పుడు వాడు ఎన్ని వీడియోలు పెట్టుకున్నా నాకు బాధ లేదు.

వీలైతే జాతర మరునాడు, బుధవారం తెల్లవారుజామున కూడా ఉండండి. గుడి ముందర మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం ఉంటుంది. పేరంటాలు వేషం వచ్చి ఆ రూపం చెంప తొలగించగానే జనం ఆ మట్టి కోసం ఒకరి మీద ఒకరు పడతారు. మీ ఆయన్ను కూడా తీసుకురండి. ఆ తోపులాటలో ఆయనే కొడుకు చెయ్యి పట్టుకుంటాడు.

ప్రశ్న: మా ఊళ్ళో ప్రతి ఏడూ భారతం జరుగుతుంది. పోయిన ఏడు రాత్రి మైకు ఆపేయమన్నారు. తెల్లవార్లూ ఆడవలసిన ఆటను సగంలో ఆపితే ఎట్లా? అనుమతి ఎవరిని అడగాలి?
— ఉత్సవ కమిటీ సభ్యుడు, బంగారుపాళ్యం వైపు

జవాబు: అయ్యా, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ చట్టం సంగతి ముందే తెలుసుకుని పోతే మేలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్ గానీ, వాద్యాలు గానీ వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు దాకా సడలింపు ఇవ్వవచ్చు. అది కూడా ఏడాది మొత్తంలో పదిహేను రోజులకు మించి కుదరదు. మీ భారతం పద్దెనిమిది రోజులు. కాబట్టి అన్ని రాత్రులకూ మైకు దొరకదని ముందే అనుకోండి. నెల ముందే మండల అధికారులకు, పోలీసు స్టేషన్‌కు రోజుల పట్టికతో అర్జీ పెట్టండి. తపస్సు, కర్ణ మోక్షం లాంటి పెద్ద రాత్రులను పైన రాయండి.

మైకు లేకపోతే ఆట లేదని మాత్రం అనుకోకండి. మైకు మీద, వాద్యాల మీద ఆపు ఉంది గానీ మనిషి గొంతు మీద లేదు. మా నాయన కాలంలో మైకే లేదు. పందిరిని గుండ్రంగా, చిన్నగా వేసేవాళ్ళు. జనం దగ్గరగా కూర్చునేవాళ్ళు. ఆటగాడు నాలుగు దిక్కులకూ తిరిగి ప్రతి పద్యపాదం పైకెత్తి పాడేవాడు, వెనకపాట వాళ్ళు దాన్ని అందుకునేవాళ్ళు. ఇప్పటి మేళాల్లో మైకు స్తంభం ముందర ఉంటే ఆటగాడు కదలడం మానేశాడు. ఆ స్తంభం దగ్గరే నిలబడిపోతున్నాడు. పన్నెండు తర్వాత మైకు, వాద్యాలు కట్టేసి ఒక్క రాత్రి ఆడించి చూడండి. వినపడదని ముందుకు జరిగే జనాన్ని చూస్తే మీ ఆటగాళ్ళకు కొత్త బలం వస్తుంది. మైకు అద్దె మిగిలితే ఆ డబ్బు మద్దెల వాయించే ఆయనకు ఇవ్వండి. ఆయనకు దక్కేది ఎప్పుడూ తక్కువే.

ప్రశ్న: నేను బి.ఎడ్. చదువుతున్నాను. తిరుపతిలో జరిగే రాత్రి కథల కార్యక్రమంలో చెప్పాలని ఉంది. కథ రాసుకున్నాను కూడా. అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆడపిల్ల రాత్రి పూట మైకు పట్టుకుని నిలబడితే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి" అంటుంది. ఆమెను నొప్పించడం నాకు ఇష్టం లేదు.
— ఒక అమ్మాయి, పీలేరు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో ద్రౌపది వేషం వేస్తానని పేరు ఇచ్చాను. పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు, చిన్నప్పటి నుంచి విన్నవే గదా. నాటకం చూసుకునే అధ్యాపకుడు నా పేరు కొట్టేసి, "ఆడపిల్లలు మగపిల్లల పక్కన నిలబడితే కాలేజీకి చెడ్డపేరు" అన్నాడు. ఒక అబ్బాయి చేత ఆ వేషం వేయించారు. వాడికి పద్యం రాదు. నేను తెర వెనక నిలబడి వాడికి అందిస్తూ పోయాను. సెలవులకు ఇంటికి పోయి ఏడిస్తే, మా నాయన ఆ రాత్రి పెరట్లో లాంతరు పెట్టి నన్ను నిలబెట్టి, వస్త్రాపహరణం మొత్తం నా చేత ఆడించాడు. చూసింది మా అమ్మ, రెండు ఎద్దులు. ఆ తర్వాత నేను ఏ వేదికా ఎక్కలేదు. పాఠాలు చెప్పాను, పిల్లలను పెంచాను. ఇప్పటికీ ఆ పేరు కొట్టేసిన గీత గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు. నీకు అట్లా కాకూడదు.

మీ అమ్మకు సురభివాళ్ళ గురించి చెప్పు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన మేళం అది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తరతరాలుగా వేదిక మీదే ఉన్నారు. వేషం కట్టారు, పద్యం పాడారు, సంసారాలూ చేశారు. మన పక్క జిల్లా సంగతే ఇది.

అయితే మీ అమ్మ భయంలో నిజం లేదని నేను అనను. రాత్రి తిరిగి రావడం ఎట్లా అన్నది అసలు ప్రశ్న. ఆ కార్యక్రమం పెట్టేవాళ్ళకు ఫోన్ చేసి ఇవి అడుగు. ఎన్నింటికి ముగిస్తారు? నన్ను మొదటి గంటలోనే చెప్పనిస్తారా? అక్కడ ఆడవాళ్ళకు వేరే బాత్రూమ్ ఉందా? వీడియో తీస్తే నన్ను అడిగి పెడతారా? సరైన జవాబులు ఇచ్చేవాళ్ళయితే మంచివాళ్ళు. రాత్రికి పీలేరు రావద్దు, తిరుపతిలో చుట్టాల ఇంట్లోనో స్నేహితురాలి దగ్గరో పడుకుని పొద్దున బస్సు ఎక్కు. అన్నిటికన్నా ముందు, మీ అమ్మను వెంట తీసుకురా. కథ మొదట ఆమెకు చెప్పు. వంటింట్లో, ఆమె కూరగాయలు తరుగుతుండగా చెప్పు. ఆమె కత్తిపీట పక్కకు పెట్టి విన్నదంటే నీ కథ సిద్ధమైనట్టే.

ప్రశ్న: తిరుపతిలో మంచి నాటకం చూడాలంటే ఎక్కడికి పోవాలి?
— ఒక గృహిణి, ఎం.ఆర్. పల్లి

జవాబు: మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, రామచంద్ర పుష్కరిణి, ఈ మూడు చోట్లా కార్యక్రమాలు జరుగుతుంటాయి. అయితే వాటిలో సంగీతం, నాట్యం, హరికథ ఎక్కువ, నాటకం తక్కువ. శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో హరికథ నేర్పుతారు, అక్కడి పిల్లలు చెప్తున్నప్పుడు పోయి వినండి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ చుట్టుపక్కల రోజుల్లో పేపరు చూస్తుండండి. ఇంకో మాట. మన ఊళ్ళో లీలామహల్ సర్కిల్ అని ఒక సినిమా హాలు పేరు కూడలికి నిలిచిపోయింది. నాటకం పేరు నిలిచిన కూడలి ఒక్కటైనా ఉండాలని నా కోరిక.

ప్రశ్న: మా నాన్న ముప్పై ఏళ్ళు భారతంలో దుర్యోధన వేషం కట్టాడు. పోయి రెండేళ్ళయింది. ఆయన కిరీటం, భుజకీర్తులు, ఛాతీకి కట్టుకునే పలక అటక మీద ఉన్నాయి. తిరుపతిలో ఒక హోటల్ యజమాని గోడకు తగిలించుకుంటానని పదివేలు ఇస్తానంటున్నాడు. మా అమ్మ వద్దంటోంది. మాకు అప్పు ఉంది. నేను ఏం చేయాలి?
— ఒక కొడుకు, పలమనేరు వైపు

జవాబు: బాబూ, అప్పు ఉన్న ఇంట్లో పదివేలంటే చిన్న మాట కాదు. అమ్మినా నిన్ను తప్పు పట్టను. కానీ అమ్మే ముందు మూడు పనులు చెయ్యి.

మొదట మీ నాన్న మేళంలో మిగిలినవాళ్ళ దగ్గరికి పో. ఇప్పుడు దుర్యోధనుడు కట్టే మనిషికి సొంత కిరీటం ఉందో లేదో అడుగు. చాలామంది అద్దెకు తెచ్చుకుంటున్నారు. ఒక భారతానికి ఇంత అని అద్దెకు ఇస్తే, రెండు మూడు ఎండాకాలాల్లో ఆ పదివేలూ వస్తాయి, సొత్తు మీ ఇంట్లోనే ఉంటుంది. ఆడిన రాత్రి మీ అమ్మ ముందు వరసలో కూర్చుని ఆ కిరీటాన్ని చూస్తుంది.

రెండో పని, మీ అమ్మను కూర్చోబెట్టి ఆమెకు గుర్తున్న పద్యాలన్నీ నీ ఫోన్‌లో రికార్డు చెయ్యి. ముప్పై ఏళ్ళు విన్న మనిషి, ఆమెకు రాకుండా ఉండవు. దుర్యోధనుడు మడుగులో దాక్కునే ఘట్టం తప్పకుండా అడుగు. మా వైపు అది అన్నిటికన్నా చివర పాడేవాళ్ళు, తెల్లవారి కోడి కూసే వేళకు.

మూడోది. ఈ నెల మొదటి ఉత్తరం రాసిన తిరుపతి విద్యార్థి చిరునామా పత్రిక దగ్గర ఉంది. మీ ఇద్దరికీ ఇష్టమైతే నేను కలుపుతాను. ఆ పిల్లలు మీ ఇంటికి వచ్చి, కిరీటాన్ని చూసి, మీ అమ్మ చెప్పేది వింటారు. ఒక శనివారం రాత్రి ఆమెను తిరుపతికి పిలిచి, ఆ మేడ మీద మీ నాన్న గురించి చెప్పమంటారు. ఊరికే పిలవకూడదు. రానుపోను కారు ఖర్చు, ఆమెకు సంభావన ఇవ్వాలి. టికెట్ పెట్టి ఆ డబ్బు మొత్తం ఆమె చేతిలో పెట్టమని నేను వాళ్ళకు రాస్తాను. హోటల్ ఆయన్ను కూడా ఆ రాత్రికి పిలవండి. విన్న తర్వాత కూడా గోడకే కావాలంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. కిరీటం మురికిగా ఉందని తడిగుడ్డతో తుడవకు. అది తేలిక కర్ర, నెమ్ము తగిలితే ఉబ్బి అద్దాలు ఊడిపోతాయి. లోపలి గుడ్డకు మీ నాన్న చెమట, అర్దళం పట్టి ఉంటాయి, దాన్ని అట్లాగే ఉంచు. పొడి గుడ్డతో దులిపి, ఆయన పాత పంచె ఒకటి ఉంటే అందులో చుట్టి, అటక మీద నుంచి కిందికి దించి పెట్టు. ఆ పిల్లలు రావడానికి రెండు వారాలు పట్టవచ్చు.